ఎండకోర్వని బిడ్డలు



పుట్టిన బిడ్డకు నూనె రాచి, కాళ్లపై పరుండబెట్టుకొని, లేయెండ తగులనిచ్చుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. దానివలన ఎముకలకు బలము చేకూరునని నేటి వైద్యులును అంగీకరింతురు. అయితే, బహు అరుదుగా, ఎక్కడనో ఒక బిడ్డకు ఆ లేయెండయే విషమగును. అట్టి బిడ్డను రెండేండ్లు నిండకముందే గుర్తించినచో చిరకాలము కాపాడుకొనవచ్చును. గుర్తింపక ఎండలో తిరుగనిచ్చినచో పదియేండ్లలోపుననే ముఖముపై రాచపుండు లేచుట సంభవించును. రాచపుండనగా నేడు క్యాన్సరని మనము వినుచున్న వ్యాధియే.

నేను వైద్యుడను గాను. చిరకాలము బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యులు తమ గ్రంథములలో స్థిరపరచిన సంగతులను పల్లెవారికి తెలియునట్లు చెప్పుటయే నా పని. ఈ సంగతి పెద్దలకే ఏల చెప్పవలెనందురా? పసిబిడ్డ ముఖమున మచ్చ కనబడినపుడు తల్లి మొదట చూపునది వైద్యునికి కాదు, ఇంటిలోని అవ్వకు. ఆ ఇంటి పిల్లలకు సంబంధములు నిర్ణయించువారును పెద్దలే. ఈ వ్యాధి విషయమున ఆ రెండును ముఖ్యములని ముందు మీకే బోధపడగలదు.

వంశమునుండి వ్యాధులు వచ్చునను భావన మనకు క్రొత్త కాదు. సుశ్రుతుడు తన సంహితయందలి సూత్రస్థానమున వ్యాధులను ఏడు తెగలుగా విభజించి, మొదటి తెగకు ఆదిబలప్రవృత్తములని పేరిడెను. తల్లిదండ్రుల బీజదోషమువలన కలుగునవి ఇవి. వీనిలో మాతృజములు, పితృజములు అని రెండు విధములను చెప్పెను. నేడు నేను చెప్పబోవు వ్యాధి ఈ విభాగమునకు కొంచెము భిన్నమైనది. తల్లివైపు దోషమును తండ్రివైపు దోషమును రెండును ఒక్క బిడ్డయందు కలిసినగాని ఇది పుట్టదు. ఈ ఒక్క మాటను గుర్తుంచుకొనుడు. దీనితో మరల పని కలుగును.

ఈ వ్యాధికి వైద్యశాస్త్రమున జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అని పేరు. ఎండి, రంగుమచ్చలు పడిన చర్మమని ఆ మాటల కర్థము. వియన్నా నగరమున చర్మవైద్యులుగా ప్రసిద్ధులైన హెబ్రా, కపోసి అనువారు 1874లో తమ గ్రంథమున దీనిని వర్ణించిరి. 1882లో కపోసి దీనికి ఈ పేరు పెట్టెను. ఎండకును ఈ వ్యాధికిని గల సంబంధపు లోగుట్టు మాత్రము 1968 వరకు తెలియలేదు. ఆ సంవత్సరమున అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జేమ్స్ క్లీవరు అను శాస్త్రజ్ఞుడు ఈ రోగుల చర్మకణములను పరీక్షించి దానిని వెల్లడించెను.

ఆ లోగుట్టు ఇట్టిది. మన శరీరమున ప్రతి కణములోను డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. దానిని ఒక తాళపత్ర గ్రంథముగా భావింపుడు. కణము ఎట్లు పెరుగవలయునో, ఎప్పుడు పెరుగుట మానవలయునో అంతయు అందులో నాలుగే నాలుగక్షరములతో వ్రాయబడియున్నది. ఆ గ్రంథమునకు రెండు ప్రతులు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు గలవు. అవి చర్మముపై పడినపుడు ఆ గ్రంథమున ప్రక్కప్రక్కనున్న రెండక్షరములు అంటుకొనిపోవును. ఇది ఎండలో తిరుగు మనకందరకును ప్రతిదినము జరుగుచున్నదే. అయినను మనకు కీడు కలుగకపోవుటకు కారణమేమనగా, మన కణములలో పరిష్కర్తలు గలరు. చెదలు తిన్న పత్రమును పండితుడు రెండవ ప్రతి చూచి పూరించునట్లు, ఆ పరిష్కర్తలు చెడినచోట సుమారు ముప్పది యక్షరముల ముక్కను కత్తిరించి తీసివేసి, జోడు ప్రతిని చూచి సరియైన యక్షరములను మరల కూర్చుదురు. ఈ పరిష్కార క్రమమును సూక్ష్మముగా వివరించినందుకే అజీజ్ సంజారు అను శాస్త్రజ్ఞుడు 2015లో మరి యిద్దరితో కలిసి రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము పొందెను. ఈ వ్యాధితో పుట్టిన బిడ్డలలో ఆ పరిష్కర్తలు పని చేయరు. కొందరిలో మాత్రము పరిష్కర్తలు బాగుగనే యుండి, చెడిన చోటును దాటి తప్పులేకుండ ప్రతి తీయు లేఖకుడు లోపించును. ఏ విధముననైనను తప్పులు దినదినము పేరుకొని, పెరుగుట మానుమను వాక్యమే చెడినపుడు ఆ కణము అదుపు తప్పి రాచపుండగును.

ఇక గుర్తులు. వైద్యులు చూచిన ఇట్టి బిడ్డలలో ఇంచుమించు సగముమందికి కొద్దిపాటి ఎండ తగిలినను చర్మము కందిపోవును, బొబ్బలెక్కును. అది ఒకటి రెండు దినములలో మానక వారముల తరబడి నిలుచును. బిడ్డపై ఎవరో వేడినీరు పోసిరేమో యని చూచువారు భ్రమపడునంతగా నుండును. ఇట్టి బిడ్డను తల్లి తనంతనే నీడకు చేర్చును, వైద్యుని కడకును త్వరగా కొనిపోవును.

మిగిలిన సగముమందికి ఎండలో కందుటయే యుండదు. అందరి పిల్లలవలెనే ఆడుకొందురు. కాని రెండేండ్లు నిండకముందే ముఖముపై ఆవగింజలు చల్లినట్లు చిన్నచిన్న నల్లని, గోధుమరంగు మచ్చలు పుట్టును. అవి నొప్పి పెట్టవు, దురద పెట్టవు. కనుక ఇంటివారు ఉపేక్షింతురు. చర్మము కందని కారణమున ఈ బిడ్డలు ఆలస్యముగా గుర్తింపబడి, అంతకాలము ఎండలో తిరిగి, రాచపుండ్లకు ఎక్కువగా లోనగుచున్నారని వైద్యులు గమనించిరి. కనుక ఎండకు ఏడ్చు బిడ్డకంటె ఏడ్వని బిడ్డ విషయముననే మనము ఎక్కువ మెలకువతో నుండవలెను. నల్లని చాయ గలవారికి ఇది రాదనుకొనుటయు పొరపాటు. మన దేశమున అన్ని చాయల బిడ్డలయందును ఇది కనబడినది.

పసిపిల్లలకు చెమటకాయలు వచ్చును, తట్టు పోసిన మచ్చలు మిగులును. వానినుండి దీనిని వేరుచేయుట యెట్లు? బిడ్డ బట్ట విప్పి చూడుడు. ఈ వ్యాధి మచ్చలు ఎండ తగులుచోటనే యుండును. ముఖము, చెవులు, పెదవులు, మెడ, ముంజేతులు మచ్చలతో నిండియుండగా, మొలత్రాటి క్రింద బట్ట కప్పిన చర్మము నున్నగా, మచ్చలేకుండ నుండును. నడుమ గీత గీచినట్లు ఆ భేదము కనబడును. తట్టు మచ్చలు కొన్నాళ్లకు మాసిపోవును. ఇవి నెలనెలకు హెచ్చును, నడుమనడుమ తెల్లని మచ్చలును కలిసి, చర్మము పొడిబారి, పసితనముననే ముసలివారి చర్మమువలె నగును. అంతేకాక బిడ్డ వెలుతురు చూడలేక కన్నులు మూసికొనును. కన్నులు ఎఱ్ఱబడి నీరు కారును. కాలక్రమమున నల్లగ్రుడ్డుపై పూవు వేయును, రెప్పవెండ్రుకలు రాలును.

నేను పాఠము చెప్పుచుండిన ఒక ఊరిబడిలో ఇట్టి ముఖముగల బాలుడొకడు చదువుకొనెను. ఉదయమున పిల్లలందరు ప్రార్థనకు వాకిట నిలిచినపుడు వాడు తలుపుచాటున నిలిచి అక్కడనుండియే పాడెడివాడు. గ్రహణము పట్టినదని కొందరు, నాగదోషమని కొందరు అనుకొనిరి. తోడి పిల్లలు వాని ప్రక్కన కూర్చుండుటకు వెనుకాడిరి. వాని తల్లి మాత్రము, "ఏ దోషమో నాకు తెలియదు పంతులుగారూ, నీడను కూర్చుండనిండు, నా బిడ్డ చదువుకొనును" అని వేడుకొన్నది. వ్యాధి పేరు తెలియని ఆ తల్లి దానికి చేయదగిన మొదటి ఉపచారమును కనిపెట్టినది. అది నీడ. గ్రహణమునకును సర్పమునకును దీనితో నిమిత్తము లేదు. ఇది అంటువ్యాధి కాదు. ఆ బిడ్డను ముట్టుకొనవచ్చును, ప్రక్కన కూర్చుండవచ్చును, కలిసి భుజింపవచ్చును.

కాపుదల లేనిచో ఏమగునో చెప్పుట కష్టమైనను చెప్పక తప్పదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో 1971 మొదలు 2009 వరకు 106 మంది ఇట్టి రోగులను పరిశీలించిరి. సామాన్యమైన చర్మపు క్యాన్సరు వచ్చినవారిలో సగముమందికి 9 యేండ్లలోపుననే మొదటిది కనబడినది. నల్లని మచ్చలనుండి పుట్టు మెలనోమా అను క్రూరమైన తెగ వచ్చినవారిలో సగముమందికి 22 యేండ్లలోపున వచ్చినది. ఇరువదియేండ్లలోపు వయసున ఈ రోగులకు సామాన్యపు చర్మక్యాన్సరు వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు 10,000 రెట్లు అధికమని లెక్కించిరి. పుండు ముఖముననే కాక, కనురెప్పపై, పెదవిపై, నాలుక కొనపై సైతము లేచును. నోరు తెరచినపుడెల్ల నాలుక కొనకు ఎండ తగులుటయే దానికి కారణము. నలుగురిలో ఒకరికి నరములును క్షీణించి వినికిడి తగ్గుట, నడక తడబడుట, చదువు మందగించుట సంభవించును.

వంశానుగతముగా చర్మక్యాన్సరునకు దారి తీయు వ్యాధులు ఇంకను గలవు. పుట్టుకతోనే జుట్టు, చర్మము తెల్లగానుండి, కనుగ్రుడ్లు ఊగిసలాడు బిడ్డలను మీరు చూచియుందురు. తరువాత మచ్చగా మొదలగు బొల్లితో దీనిని కలుపరాదు. చర్మమునకు గొడుగువంటి నల్లరంగు వీరికి లేదు గనుక ఎండలో పాటుపడినచో వీరికిని పుండ్లు లేచును. కొందరు పిల్లలకు కొద్దిపాటి రాపిడికే చర్మము ఊడి బొబ్బలు లేచి, మానినచోట మచ్చకట్టును. అందులో కఠినమైన తెగయందు యౌవనముననే మానని పుండ్లు క్యాన్సరుగా మారును. 1960లో గార్లిను, గోల్ట్జు అను వైద్యులు వర్ణించిన మరియొక వ్యాధిలో దవడయెముకలలో నీటితిత్తులు, అరచేతులలో చిన్నచిన్న గుంటలు, చర్మముపై అనేకములైన క్యాన్సరు బొడిపెలు కలుగును. ఇది తల్లిదండ్రులలో ఒక్కరికున్నను బిడ్డలలో సగముమందికి రాగలదు. ఒకే ఇంట ఇద్దరు ముగ్గురికి చిన్నవయసున చర్మముపై పుండ్లు లేచినచో వంశపు సంగతిని వైద్యునికి చెప్పవలయునని వీనివలన తేలుచున్నది.

ఇక మొదట గుర్తుంచుకొనుడని చెప్పిన మాటకు వత్తము. ఎండకోర్వని ఈ వ్యాధి పుట్టుటకు ఇరువైపుల దోషము కలియవలెను. ఒకవైపు దోషము మాత్రమే గలవాడు సంపూర్ణారోగ్యముతో నుండును. వానిలో పరిష్కర్తల పని చక్కగా సాగును. తనలో దోషమున్నదని వానికి ఎన్నటికిని తెలియకపోవచ్చును. అట్టి యిద్దరు దంపతులైనచో, ప్రతి కాన్పునను నాలుగింట ఒక పాలు వ్యాధిగల బిడ్డ పుట్టు అవకాశము కలదు. ఒక బిడ్డకు వచ్చినది గనుక తరువాతి మువ్వురును క్షేమమే యని లెక్కవేయరాదు. ప్రతి కాన్పు దేనికదియే.

పరాయి కుటుంబములనుండి వచ్చిన ఇద్దరియందు ఒకే దోషముండుట బహు అరుదు. కాని అక్క కూతురిని చేసికొన్నపుడు, మేనమామకు ఆ దోషమున్నచో మేనకోడలికిని అదే దోషముండుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. మేనత్తమేనమామల బిడ్డలు పెండ్లాడినచో ఎనిమిదింట ఒక పాలు. మేనరికములు చేసికొన్న ఇండ్లన్నిట ఈ వ్యాధి వచ్చునని నా భావము కాదు. అనేక కుటుంబములలో ఏ హానియు లేకుండ ఆ సంబంధములు సాగినవి. కాని వంశమున ఒక్క బిడ్డకు ఈ వ్యాధి కనబడినచో, ఆ వంశములోనివారు తమలో తాము పెండ్లి సంబంధములు కలుపుకొనుట మానవలెను.

ఇచట ఒక భయమును పోగొట్టవలసియున్నది. ఇంట ఇట్టి బిడ్డ యున్నదని తెలిసిన, వాని అక్కచెల్లెండ్రకు సంబంధములు రావని తలంచి, బిడ్డను వైద్యునికి చూపక చీకటి గదిలో దాచు కుటుంబములు లేకపోలేదు. ఆ బిడ్డ తోబుట్టువులలో ఆరోగ్యముగా నున్నవారిలో సగటున మువ్వురిలో ఇద్దరియందు దోషము అణగియుండును, నిజమే. కాని వారికి దానివలన ఏ కీడును లేదు. రక్తసంబంధము లేని ఇంట పెండ్లియాడినచో వారి బిడ్డలకు ఈ వ్యాధి వచ్చుట మిక్కిలి అరుదు. దాచి, తెలియక, అదే వంశమున మరల మేనరికము చేయుటయే నిజమైన అపాయము. సంగతి నలుగురికి తెలిసినపుడే ఆడుపిల్లలకు మేలు. ఈ మాట ధైర్యముగా పలుకవలసినవారు పెద్దలే.

బిడ్డలో గుర్తులు కనబడినచో ఏమి చేయవలెను? వైద్యుని దర్శించుటకు ముందే, ఆ దినమే ఎండ మాన్పవలెను. పగలు బయటికి పోవలసివచ్చిన, దట్టమైన నేతగల ముదురురంగు బట్టలు మణికట్టు వరకు, మడమల వరకు తొడుగవలెను. బట్టను వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినపుడు కాంతి జల్లెడలోనుండి వచ్చినట్లు కనబడినచో అది చాలదు. వెడల్పైన అంచుగల టోపి, కన్నులకు ప్రక్కలు కూడ మూసియుండు అద్దములు కావలెను. గొడుగొక్కటే చాలదు. ఇసుకనుండియు సున్నపుగోడలనుండియు ఎండ ఎగసి ముఖమునకు తగులును. మబ్బుపట్టిన దినమునను కిరణములు దిగుచుండును. కిటికీ అద్దము కొన్ని కిరణములను మాత్రమే ఆపును గనుక మందపు తెర కట్టవలెను. ఇనుము అతుకు వెల్డింగు కొట్టు దరికి పోనీయరాదు. ఆ మెరుపులోను ఇవే కిరణములు గలవు. ఎండ సోకు శరీరభాగములకు వైద్యుడు చెప్పిన లేపనమును రెండేసి గంటలకొకసారి రాయవలెను. ఎండవలన దొరకు డి విటమినును మందురూపమున ఈయవలెను. పెద్దవాడైన పిదప చుట్ట, బీడీ ముట్టరాదు. ప్రొద్దు గ్రుంకిన పిదప మాత్రము వాకిట స్వేచ్ఛగా ఆడుకొనవచ్చును. వెన్నెల వానికి హాని చేయదు.

నెలకొకసారి తల్లి బిడ్డను తలవెండ్రుకల సందునుండి అరికాలి వరకు చూడవలెను. రెప్పలు, చెవి వెనుక, పెదవులు, నాలుక కొన మరువరాదు. క్రొత్తగా లేచిన బొడిపె, నెలదినములైనను మానని పుండు, రక్తము చిమ్ము మచ్చ, రంగో ఆకారమో మారుచున్న నల్లమచ్చ కనబడిన వెంటనే వైద్యునికి చూపవలెను. ఏమియు కనబడకున్నను మూడు నెలలకొకసారి చర్మవైద్యుని, తరచుగా కంటివైద్యుని దర్శింపవలెను. బఠాణిగింజంతయున్నపుడు పుండును చిన్న శస్త్రచికిత్సతో తీసివేయవచ్చును. పెరుగనిచ్చినచో కన్నో ముక్కో పోగొట్టుకొనవలసివచ్చును. పసరులు పూయుట, వాతలు పెట్టుట వలన కాలము వృథాయగును.

ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు నేటికిని లేదు. అయినను రక్తపరీక్షచే ఎనిమిది జన్యువులలో దేనియందు దోషమున్నదో తెలిసికొనవచ్చును. అది తెలిసిన పిదప రాబోవు కాన్పునుగూర్చి ముందుగనే వైద్యుల సలహా పొందవచ్చును. జిల్లా ప్రభుత్వాసుపత్రిలోని చర్మవైద్యుడు దారి చూపగలడు. హైదరాబాదునందలి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో జన్యువైద్య శాఖయు కలదు.

రేపు మీ వీధిలో ఏ అవ్వయైనను మనుమని ముఖమున ఆవగింజలవంటి మచ్చలున్నవని చెప్పినచో, బిడ్డ మొలత్రాటి క్రింది చర్మమును చూడుమనుడు. పైన మచ్చలు, క్రింద నునుపు కనబడినచో, ఆ బిడ్డను నీడకు చేర్చి, ఆ వారముననే తల్లితో కూడ ఆసుపత్రికి పంపుడు. ఆ ఇంట మేనరికమున్నదేమో అడిగి, ఉన్నచో ఆ సంగతియు వైద్యునికి చెప్పుమనుడు.